కొండ మలుపులో కూర్చుండిపోయాను

మే 2004, ఆదివారం రాత్రి
విశాఖ, మావయ్య వాళ్ళిల్లు

పరుగు ఇరవై ఒక్క కిలోమీటర్లు. నేను పద్నాలుగో కిలోమీటరు దగ్గరే ఆగిపోయాను. మొదటి ముగ్గురిలో వస్తే రాష్ట్ర జట్టులోకి తీసుకునేవాళ్ళు.

మా బందరులో ఎత్తంటే కాలవ మీద వంతెనే. మూడేళ్ళుగా అక్కడి మంగినపూడి రోడ్డు మీదే పరిగెత్తుతున్నాను, పక్కనే స్కూటర్ మీద నాన్న. ఇక్కడ ఏడున్నరకే తారు కాలిపోతోంది. మలుపు తిరిగితే మళ్ళీ ఎత్తే. నాకు ఊపిరి అందడం లేదు. ముగ్గురమ్మాయిలు కబుర్లు చెప్పుకుంటూ నన్ను దాటిపోయారు. ఎన్నేళ్ళు కష్టపడినా నేను వాళ్ళలా పరిగెత్తలేనని అప్పుడే తెలిసిపోయింది. కాళ్ళలో ఇంకా సత్తువ ఉంది. అయినా పిట్టగోడ మీద కూర్చుండిపోయాను.

నాన్న నీళ్ళ సీసా పట్టుకుని కొండెక్కి వచ్చారు. చొక్కా అంతా తడిసిపోయింది.

"వడదెబ్బేమోనమ్మా?" అన్నారు.

అవునన్నాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరూ ఎండనే తిట్టారు. నాన్న మావయ్యతో, "మన వైపు కొండల్లేకే దెబ్బతింది బావా. వచ్చే ఏడు నెల ముందే తీసుకొస్తాను, మీ ఇంట్లో ఉంచుకోండి," అన్నారు.

"దానికేముంది బావా, తీసుకురండి," అన్నాడు మావయ్య.

నాన్న నా వైపు తిరిగారు. "ఏమ్మా, ఈసారి వదలొద్దు, సరేనా?"

ఆ ముఖం చూసి నిజం చెప్పలేకపోయాను. "సరే నాన్నా," అన్నాను.

ఇప్పుడు పక్క గదిలో అమ్మతో, వచ్చే ఏడు ఆఫీసుకి నెల సెలవు ఎలా పెట్టాలో మాట్లాడుతున్నారు. వెళ్ళి చెప్పేయాలి. లేవలేకపోతున్నాను.