ఉపవాసం రోజు మాత్ర

క్రిస్టీ,

దర్శికి మొదటి బస్సులో వెళ్తున్నాను, రేపు వస్తాను. నీ హెచ్ఐవీ మాత్ర, మంచినీళ్ల గ్లాసు బల్ల మీద పెట్టాను. ఇవాళ ఉపవాసమైనా సరే, లేవగానే వేసుకో. పోయిన శుక్రవారం ఉపవాస ప్రార్థన అయ్యాక వేసుకుంటానని ఊరుకుని, చివరికి మరిచేపోయావు.

ఒక మాత్రకీ గుక్కెడు నీళ్లకీ దేవుడు కోప్పడడని నేను చెబితే, "నీకు విశ్వాసం తక్కువ డాడీ" అన్నావు. అదే మాట మార్క్ ఫోన్లో అనేసరికి, "అవునా, అయితే వేసుకుంటాలే" అన్నావు!

అన్నీ తెలిసే నిన్ను చేసుకుంటున్నాడు, మంచివాడే. కానీ మీ అమ్మ పోయాక, రోజుకు అన్నేసి మాత్రలున్న రోజుల్లో, బెల్లంముక్క పట్టుకుని ఇల్లంతా నీ వెంట తిరిగింది నేను. ఇప్పుడు ఒక్కటే అయింది, అదో మేలు. ఆ ఒక్కటీ అతను చెబితే వేసుకుంటావా? కుళ్లుగా ఉందమ్మా నాకు.

పప్పు ఫ్రిజ్‌లో ఉంది. ప్రార్థన నుంచి రాగానే తిను.

డాడీ

మార్క్ ఫోన్ చేస్తే, "డాడీ చెప్పాడు, ఎప్పుడో వేసుకున్నా" అను. ఈ చీటీ చూడకముందే అతను గుర్తుచేసి, నువ్వు వేసేసుకుని ఉంటే మాత్రం సరేలే. ఆ సంగతి నాకు చెప్పకు.