చల్లారిన అన్నం మీద విచారణ

షాద్‌నగర్,
17-11-2023.

ప్రేమ్‌సాగర్ సారుకు,
మూతల కంపెనీ రమ నమస్కారం చేసి రాస్తున్నది.

మీకు నేను గుర్తుండకపోవచ్చు. ఈ నెల ఎనిమిదో తారీకున మీరు మా ఊళ్లో ఒకరోజు శిక్షణ ఇచ్చారు. ఉద్యోగి తప్పు చేశాడని ఫిర్యాదు వస్తే ఎవరి పక్షమూ పట్టకుండా విచారణ చేయడం ఎలా అన్నది పాఠం. నేను వెనుక బెంచీలో, తిరగని ఫ్యాను కింద కూర్చున్నాను. మీరు నందికొండలోని మీ ఇంటి చిరునామా బోర్డు మీద రాసి, "అనుమానమొస్తే ఉత్తరం రాయుండ్రి. ఫోన్ల చెప్పింది గాలికి పోతది" అన్నారు. అందుకే ఈ ఉత్తరం.

మాది మందు సీసాలకు మూతలు చేసే చిన్న కంపెనీ. సొట్టపోయిన మూతలు ఏరడం పదహారేళ్లుగా నా పని. శిక్షణకు నన్నే ఎందుకు పంపారంటే, ఆ రోజు మిగతా అందరికీ ఇంట్లో పనులున్నాయి. నాకు లేవు. మా ఆయన పోయి తొమ్మిదేళ్లు. పిల్లలు లేరు. కిరాయి గదిలో నేనూ, కురుమూర్తి స్వామి పటమూ ఉంటాము.

ఇంతలోనే నిజంగా ఒక ఫిర్యాదు వచ్చింది. మా సూపర్వైజరు గిరి, నా పక్కన మూతలు ఏరే సైదమ్మ మీద రాసిచ్చాడు. ప్రతిరోజూ పదకొండున్నరకు ఆమె లైను విడిచి పది నిమిషాలు ఎక్కడికో పోతుందట. పనిలో వేసుకునే కోటు కింద ఏదో దాచుకుని పోతుందట. అడిగితే చెప్పదట. రుజువైతే సైదమ్మ ఉద్యోగం పోతుంది. ఆమె భర్త బక్కయ్య నడుము పడిపోయి మంచంలో ఉన్నాడు. ఆ ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే.

విచారణ మొదలుపెట్టే మనిషి "దీంట్లో నాకేమైనా ఉన్నదా?" అని తనను తాను అడిగి, జవాబు మొదటి పేజీలో రాయాలని మీరు చెప్పారు. "సైదమ్మా నేనూ ఆరేళ్లుగా పక్కపక్కన కూర్చుని తింటాము" అని రాసి మేనేజరు వెంకటేశ్ సారుకు చూపించాను. ఆయన నవ్వి, "అక్కా, సైదమ్మకు దోస్తు కానోళ్లు ఈ కంపెనీల ఎవలున్నరు? గా గిరి గూడ దోస్తే. శిక్షణకు పోయినదానివి నువ్వు, నువ్వే చెయ్యి" అన్నారు. అందుకని దాని కింద "అంతకు మించి ఏమీ లేదు" అని రాసి సంతకం పెట్టాను.

విచారణ ముగిసేదాకా ఇద్దరిలో ఎవరితోనూ కూర్చుని తినవద్దన్నారు కదా. బుధవారం నుంచి చేతులు కడిగే నల్లా దగ్గర ఒక్కదాన్నే తింటున్నాను. సైదమ్మను గోదాములో పనికి వేశారు. తలుపు సందులోంచి ఆమె నా వైపు చూస్తుంది. నేను నల్లా వైపు చూస్తాను.

ఇట్లు,
రమ.

తా.క: ఇద్దరినీ సమానంగా చూడాలన్నారు. శనివారం పూజ చేసిన అరటిపండు ప్రతివారమూ సైదమ్మకు ఇచ్చేదాన్ని. ఇకనుంచి గిరికి కూడా ఇవ్వాలా? ఇస్తే తూకం వేసి ఇవ్వాలా?

ఇంకో తా.క: దసరాకు కంపెనీ అందరికీ ఒకే తీరు స్టీలు డబ్బాలు ఇచ్చింది. నాది కలిసిపోకుండా, జాతరలో కొన్న ఎర్ర దారం పిడికి కట్టుకున్నాను. అయినా మూడు రోజులుగా ఎవరిదో తింటున్నట్టుంది. అన్నం చల్లగా ఉంటున్నది.

---

నందికొండ,
21-11-2023.

రమమ్మ గారికి,
ప్రేమ్‌సాగర్ రాయునది.

ఆ శిక్షణకు ఇరవై ఇద్దరు వచ్చారు. ఇరవై ఇద్దరూ చిరునామా రాసుకున్నారు. ఉత్తరం వచ్చింది మీ దగ్గరి నుంచి మాత్రమే.

అరటిపళ్లు ఆపండి. సమానంగా చూడడమంటే ఇద్దరి మాటా ఒకే ఓపికతో వినడం. సైదమ్మతో కలిసి తినవద్దన్నాను గాని, మొహం తిప్పుకోమనలేదు. నమస్తే అంటే నమస్తే అనండి.

ఇప్పుడు వాంగ్మూలాలు తీసుకోండి. మనిషి ఎట్లా మాట్లాడితే అట్లాగే రాయాలి. మీ మాటలు కలపకూడదు, వాళ్ల మాటలు తీసేయకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, సాక్ష్యం చేతికి రాకముందే మనసులో ఎటువైపూ ఒరగకూడదు.

క్షేమం కోరుతూ,
ప్రేమ్‌సాగర్,
కార్మిక శాఖలో పనిచేసి రిటైరైనవాడు.

తా.క: మా పోస్ట్‌మన్ యాదయ్య కరెంటు బిల్లు తప్ప మా ఇంటికి మరొకటి తేడు. మీ ఉత్తరం ఇస్తూ, "సారూ, సుట్టాలా?" అని అడిగాడు. సాక్ష్యం లేకుండా ఏదీ అనుకోవద్దని చెప్పి పంపించాను.

---

షాద్‌నగర్,
27-11-2023.

ప్రేమ్‌సాగర్ సారుకు,
రమ నమస్కారాలు.

మీరు చెప్పినట్టే వాంగ్మూలాలు తీసుకున్నాను. గిరిది పదకొండు పేజీలు వచ్చింది. మధ్యలో అతనికి ఫోన్ వచ్చింది. అతని మాట ఏదీ తీసేయకూడదు గనుక అదీ రాశాను. కొంచెం పంపుతున్నాను.

"నేను నా కళ్లతోటి చూసిన. హలో! ఆఁ, చెప్పు. ఉల్లిగడ్డ ఉన్నది కదనే ఇంట్ల! సైదమ్మ రోజు పదకొండున్నరకు లేస్తది. గా మూలకు సంచిల చూడు. కోటు కింద పెట్టుకుంటది. నీ అవ్వకు చెప్పు, నేను తేను. మెల్లగ నడుస్తది."

చదివి వినిపిస్తే గిరి ఎర్రబడి, "గా ఉల్లిగడ్డ ముచ్చట గూడ రాస్తవా అక్కా?" అన్నాడు. నియమం అని చెప్పాను. సంతకం పెట్టాడు.

సైదమ్మది అరపేజీ.

"రోజూ పదకొండున్నరకు ఎక్కడికి పోతున్నవు?"

"చెప్ప."

"కోటు కింద ఏం పట్టుకపోతున్నవు?"

"చెప్పనంటున్న గద."

"చెప్పకపోతే నౌకరి పోతది సైదమ్మా."

"పోతే పోనీ తియ్యి. గట్ల దూరం కూసున్నవేంది? తిన్నవా?"

ఆ ఆఖరి ప్రశ్న ఆమె నన్ను అడిగింది. విచారణ చేసేవాళ్లు జవాబులు చెప్పవచ్చునో లేదో మీరు శిక్షణలో చెప్పలేదు. అందుకని చెప్పలేదు. "విచారణాధికారి మౌనంగా ఉన్నారు" అని రాసి ఆమె సంతకం తీసుకున్నాను.

సారూ, మనసులో ఎటూ ఒరగవద్దన్నారు. శనివారం గుడికి పోయాను. సైదమ్మ ఏ తప్పూ చేయలేదని తేలాలి స్వామీ అని మొక్కబోయి, అది ఒరగడమే కదా అని ఆగిపోయాను. తప్పు చేసిందని తేలాలని ఎట్లాగూ మొక్కలేను. కాసేపు చేతులు జోడించి ఊరకనే నిలబడి వచ్చేశాను. నా వెనుక వరుస పెరిగిపోయి పూజారి, "అమ్మా, ఏమన్న అడిగేదుంటే జల్ది అడుగు" అన్నారు.

కంపెనీలో ఎవరూ నాతో మాట్లాడడం లేదు. నేను పోతే మాటలు ఆగుతాయి. ఏమన్నా రాసుకుంటానేమోనని వాళ్ల భయం. గదికి వచ్చాక కూడా మాట్లాడేవాళ్లు లేరు గనుక, ఆదివారం పొద్దుటినుంచి సాయంత్రందాకా నేను పలికిన మాటలు లెక్కపెట్టాను. పాలబ్బాయితో రెండు, దేవునితో సున్నా.

ఇట్లు,
రమ.

తా.క: ఎల్లుండి దాటితే ఓట్లు. నేనిప్పుడు ఏ పక్షమూ కాదు కదా. ఓటు వేయవచ్చా?

ఇంకో తా.క: పోయిన ఎండాకాలం నా కడుపులో పుండు ఉందని మహబూబ్‌నగర్ దవాఖానలో చెప్పారు, చల్లటి తిండి తినవద్దన్నారు. ఇన్ని నెలలూ మధ్యాహ్నం డబ్బా తెరిస్తే పొగలు వచ్చేవి. కిటికీలోంచి పడే ఎండ పుణ్యమనుకునేదాన్ని. ఇప్పుడు డబ్బాను కిటికీకి ఇంకా దగ్గరగా పెడుతున్నా చల్లగానే ఉంటున్నది. కార్తీకం ఎండలో బలం లేదు. కడుపు మళ్లీ మండుతున్నది.

---

నందికొండ,
1-12-2023.

రమమ్మ గారికి,

మీ ఉత్తరం నాకు అందేసరికే ఓట్లు అయిపోయాయి. మీరు వేయలేదని తెలిస్తే నేను మీ మీద విచారణ వేస్తాను.

దేవుడు ఈ కేసులో పక్షం కాదు. ఆయన దగ్గర ఏదైనా అడగవచ్చు. రాసేటప్పుడు మాత్రం కలానికి ఆ మొక్కు అంటకూడదు. తిన్నావా అని అడిగితే తిన్నానని చెప్పవచ్చు, నేరం కాదు. ఇంత కచ్చితంగా నా పాఠం విన్నవాళ్లు ముప్పై ఒక్క ఏళ్లలో లేరు. సంతోషించాలో క్షమాపణ చెప్పాలో తెలియడం లేదు.

చూసిన సాక్షి గిరి కాక ఇంకెవరైనా ఉన్నారా? ఉంటే "దొంగతనం చూశావా?" అని అడగకండి. "ఏం చూశావు?" అని అడగండి. రంగు, ఆకారం, గుర్తులు అడగండి. మనుషులు చిన్న ప్రశ్నలకు నిజం చెబుతారు.

ఒంటరిగా తినడం గురించి ఒక మాట. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో విచారణకు ఊళ్లకు పోతే, మా వాడ పేరు తెలిశాక భోజనానికి పిలిచేవాళ్లు కాదు. అప్పుడు ఈ నియమం నాకు గొప్ప ఆసరా అయింది. ఎవరూ పిలవకపోయినా, నియమం ఉంది గనుక నేనే పోలేదని చెప్పుకోవచ్చు. తరువాత పిలిచే రోజులు వచ్చాయి. కానీ నాకు అలవాటైపోయింది. నా భార్య గ్లోరీ ఉన్నన్నాళ్లు ఇంట్లోనైనా పక్కన ఒక మనిషి ఉండేది. ఆమె పోయి నాలుగేళ్లు. ఇప్పుడు హోటలు నుంచి డబ్బా తెప్పించుకుని, డ్యాం గేట్ల వైపు కుర్చీ వేసుకుని తింటున్నాను. ఏ విచారణా లేదు. నియమం ఎత్తేశామని నాకు ఎవరూ కాగితం పంపలేదు.

విచారణ తొందరగా ముగించండి.

క్షేమం కోరుతూ,
ప్రేమ్‌సాగర్.

తా.క: ఎండ వల్ల స్టీలు డబ్బాలో పొగలు రావు. ఇది పాఠం కాదు, ఊరికే చెబుతున్నాను.

---

షాద్‌నగర్,
16-12-2023.

ప్రేమ్‌సాగర్ సారుకు,
రమ చేతులు జోడించి రాస్తున్నది.

ఓటు వేశాను. విచారణ నుంచి తప్పుకున్నాను. ఎందుకో మీకు వరుసగా చెప్పాలి.

డిసెంబరు నాలుగున హనుమంతును పిలిచాను. మూతలు పోసే మిషన్ల షెడ్డులో పనిచేస్తాడు. మీరు రాసిన ప్రశ్నలే అడిగాను, అతను చెప్పింది చెప్పినట్టు రాశాను.

"సైదమ్మ షెడ్డుకు వచ్చుడు చూసినవా?"

"రోజూ వస్తది."

"వచ్చి ఏం చేస్తది?"

"ఉడుకుగాలి గొట్టం మీద డబ్బ పెడ్తది, గుడ్డ కప్పుతది. జరసేపు నిలవడి తీస్కపోతది. తిండి డబ్బలు షెడ్డుకు తేవద్దు, నాకెరుకే. ముసల్ది గదా అని ఊకున్న."

"డబ్బ ఎట్లుంటది?"

"మనందరి డబ్బలెక్కనే. దసరాది."

"ఏమన్న గుర్తున్నదా?"

"పిడికి ఎర్ర దారం కట్టి ఉంటది."

సారూ, ఆ మాట నేను నా చేత్తోనే రాశాను. దారం అన్న మాట దాకా బాగానే వచ్చింది. ఆ తరువాత కలం కదలలేదు. "అక్కా, సంతకం ఏడ పెట్టాలె?" అని హనుమంతు రెండుసార్లు అడిగాడట.

మొదటి పేజీ తెరిచాను. "అంతకు మించి ఏమీ లేదు" అని ఉంది, కింద నా సంతకం. దాన్ని కొట్టేసి, "ఈ తప్పు వల్ల లాభపడింది నేనే. ఏడు నెలలు వేడి అన్నం తిన్నాను" అని రాసి, దస్త్రం వెంకటేశ్ సారుకు అప్పగించేశాను. ఇక నేను విచారణాధికారిని కాదు, సాక్షిని. గోదాములోకి పోయి సైదమ్మ ఎదురుగా మూటల మీద కూర్చున్నాను.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే వద్దంటవు."

"నౌకరి మీదికి వచ్చినంక గూడనా?"

సైదమ్మ పక్కనున్న మూట ముడి బిగించింది. తరువాత మెల్లగా అంది. "నువ్వు దేవుని మనిషివి. శనివారం ఒక్కపొద్దుంటవు. ఆరేండ్లు పక్కకు కూసున్నం, ఎవ్వల డబ్బ వాళ్లదే. ఒక్కనాడన్న నీ కూర నాకెయ్యలే, నా కూర నువ్వడగలే. నీ డబ్బ నేను ముట్టుకుంటున్న అని తెలిస్తే తింటవో, పారవోస్తవో. నాకేం ఎరుక?"

ఎంత ఓపికగా అన్నదో, సారూ. నింద లేదు అందులో. నేను కూర ఇవ్వకపోవడానికి కారణం ఏమీ లేదని చెప్పాలనుకున్నాను. కానీ సాక్ష్యం లేకుండా మాట్లాడకూడదు. ఆరేళ్లలో ఇచ్చిన అరటిపళ్లు గుర్తుచేసుకున్నాను. తొక్క తీయని పళ్లు. వాటిని మించి ఏదీ కనబడలేదు. నేను ఏ రోజూ కాదనలేదు, నిజమే. అవునని కూడా అనలేదు. ఆమెకు అనుమానం రాకుండా ఉండడానికి నేనేం చేశానని అడిగితే నా దగ్గర ఒక్క రుజువు లేదు.

కొత్త విచారణకు బయటినుంచి ఒక మేడం వచ్చారు. నిన్నగాక మొన్న ఉత్తర్వు ఇచ్చారు. లైను విడిచినందుకు, షెడ్డుకు డబ్బా తెచ్చినందుకు సైదమ్మకు రాతపూర్వక హెచ్చరిక. ఉద్యోగం ఉంది. మళ్లీ నా పక్కన మూతలు ఏరుతున్నది. నాకు కూడా ఒక కాగితం వచ్చింది, "ఎవరి డబ్బా సంగతి వారే చూసుకోవలెను" అని. అది మడిచి దేవుని పటం వెనుక పెట్టాను. పాటించను.

నిన్న మధ్యాహ్నం సైదమ్మ పక్కన కూర్చుని, అడగకుండానే నా చిక్కుడుకాయ కూర ఆమె డబ్బా మూతలో వేశాను. నా డబ్బా ముందుకు తోసి, "నీదేంది ఇయ్యాల?" అని అడిగాను. తన డబ్బా నా వైపు వంచి చూపించింది. "ఎండు చింతచిగురు పప్పు. కారముంటది, నీ కడుపుకు వడదు" అంది. "జరంత వెయ్యి" అన్నాను. వేసింది. కారమే.

ఇట్లు,
రమ.

తా.క: గిరి మంచివాడే. డబ్బాలు వేడిచేసుకోవడానికి షెడ్డు బయట ఒక ఇనుప బల్ల పెట్టించాడు. మొదటి రోజు మొదటి డబ్బా అతనిదే. ఉల్లిగడ్డ కూర.

ఇంకో తా.క: బల్ల మీద కలిసిపోతాయని అందరూ డబ్బాలకు గుర్తు కట్టుకున్నారు. అందరికీ దొరికింది ఎర్ర దారమే. ఇప్పుడు పద్నాలుగు డబ్బాలు, పద్నాలుగు ఎర్ర దారాలు. ఈ రోజు నేను హనుమంతు అన్నం తిన్నాను, నాది ఎవరు తిన్నారో విచారణ చేయలేదు.

ఆఖరి తా.క: మీ నియమం ఎత్తేశామని ఎవరూ కాగితం పంపలేదన్నారు. ఇదే ఆ కాగితం అనుకోండి. నందికొండ నుంచి పొద్దుటి బస్సు ఎక్కితే ఒంటిగంటకు ముందే ఇక్కడుంటారు. మీ హోటలు డబ్బా కూడా తెచ్చుకోండి, బల్ల మీద జాగా ఉంది. దానికి ఏ దారమూ కట్టకండి.