నల్లద్దాలు పెట్టుకోకు

ఒరేయ్ చిన్నోడా, ఇవాళ సైకిల్ మీద ఆ నల్లద్దాలు పెట్టుకోకు. వెతకొద్దు కూడా, నేను తీసుకుపోతున్నా. బల్ల మీద పెట్టెలో కొత్తవి ఉన్నాయి. ఎండలో వాటంతటవే నల్లబడతాయి, చీకటి పడితే మామూలు అద్దాల్లా తేటపడతాయి. రాత్రిపూట కూడా కాస్త రంగు మిగిలే రకం చూపించాడు షాపాయన, వద్దన్నాను. "రంగు మారడానికి కొంచెం టైం పడుతుందమ్మా, వంతెన కిందికి వెళ్లేముందు స్పీడు తగ్గించమను" అన్నాడు. తగ్గించు, నీకు దణ్ణం పెడతా.

నిన్న సాయంత్రం నేనెక్కిన బస్సు నీ వెనకే ఉంది. నల్లద్దాలతోనే వంతెన కింద చీకట్లోకి దూరావు. ముందు ఆగి ఉన్న లారీ నీకు కనపడనే లేదు. ఆఖరి క్షణంలో పక్కకి తిప్పావు. నేను పెట్టిన కేకకి డ్రైవరు బస్సాపేశాడు. దిగి నేరుగా కళ్లద్దాల షాపుకే పోయాను. ఇంటికొచ్చేసరికి నువ్వు ఈల వేసుకుంటూ "ఏంటక్కా, ముఖం అలా ఉంది?" అన్నావు. అమ్మకి చెప్పలేదు.

అక్క

ఇవాళ నేను ఆ బస్సెక్కను, నడిచొస్తా. నువ్వు ఇల్లు చేరగానే ఫోన్ చెయ్యి. ఏం మాట్లాడక్కర్లేదు, ఒక్క రింగిస్తే చాలు.