తిరిగచ్చిన జొన్నరొట్టెలు

బుధవారం, రాత్రి

ఇయ్యాల గూడ ఆయన సద్ది డబ్బాల జొన్నరొట్టెలు, తోటకూర అట్లనే తిరిగచ్చినయ్. తెల్లన్నం, మామిడి తొక్కు మాత్రం ఊడ్సుకొని తిన్నడు. మొలలు ముదురుతున్నయ్, పీచు ఉన్న తిండి తినకుంటే ఆపరేషనే అని డాక్టర్ చెప్పి వారం గూడ కాలే.

ఎందుకు తినలేదంటే నా మీదికే లేశిండు. "అయి తింటే కార్ఖానాల ఉన్నప్పుడే కడుపు కదులుతది. నేను లేశిపోతే సాంచలు ఎవడు సూస్తడు? పోగు తెగితే బట్టంత ఖరాబ్ అయితది."

ఆ మరమగ్గాలు ఆగొద్దని నీళ్లు గూడ తాగుతలేడట. గిన్నేండ్ల సంది గిదే లెక్కనట. బాత్రూంల నెత్తురు కడిగేది నేను. ఏం గాలేదనేది ఆయన.

కోపమంతా గిన్నెల మీద తీసుకుంట బిడ్డ బడి సంచిలకెళ్లి డబ్బా తీసిన. దాంట్ల గూడ రొట్టె ముట్టలేదు. నీళ్ల సీస నిండుగనే ఉన్నది.

"ఏందే గిది?" అన్న.

"బడిల బాత్రూం మంచిగుండదమ్మా. బాపు లెక్క నేను గూడ ఆపుకుంటున్న," అన్నది, పెద్ద తెలివైన పని చేసినట్టు.

పొద్దుగాలకు జొన్నపిండి తీసిపెట్టిన. ఎవరు తింటరనో...