రాయి మీద జీవమ్మ పేరు

కర్నూలు జిల్లా, కోయిలకుంట్ల తాలూకా, రాళ్లకొట్టాల గ్రామ కాపురస్తుడు, సేద్యము వృత్తిగా గలవాడు, ఊరంతా మిలిట్రీ సుంకప్ప అని పిలిచే సుంకప్ప అనే నేను, ఒళ్లు సడలినా మతి సడలక ముందే, తాగి గానీ, ఒకరు బెదిరించగా గానీ, ఒకరు ఆశ పెట్టగా గానీ కాక, నా మనస్ఫూర్తిగా చెప్పి వ్రాయించిన వీలునామా యేమనగా:

నా మతి సరిగ్గా ఉండాదనేదానికి రుజువు కావల్లంటే నా పెండ్లాము సుంకులమ్మను అడగండి. నిన్న పొద్దున ఎనుము పాలల్లో ఆమె యెన్ని నీళ్లు కలిపిందో చెంబు చూడకుండానే చెప్పినా. ఆమె ఒప్పుకోలే. అయినా అది ఖాయం.

దీన్ని వ్రాస్తున్నది మన ఊరి బయట పేటలో మిషను బడి అయ్యవారు జ్ఞానరాజు. నా మాటకు సున్నం కొట్టకుండా, చెప్పింది చెప్పినట్లు రాయల్లని ఒప్పించుకున్నా. నా తదనంతరము ఇందలి సంగతులు జరిపించే బాధ్యత కూడా సదరు జ్ఞానరాజు గారికే అప్పగించడమైనది. నేను ఇరవై యేండ్లకు పైగా ఒక మాట చెప్తాండా, ఊరు వినలే. ఇందులో చేను సంగతి ఉండాది కాబట్టి యెవరూ నడుమ లేచిపోరని నా నమ్మకం.

1. మొట్టమొదట నా యుద్ధం సంగతి. ముందటి పెద్ద యుద్ధం జరిగే కాలంలో, అప్పటికి కొత్తగా మునసబు అయిన బొజ్జన్న, మనుషుల్ని పంపితే పైవాళ్ల దగ్గర పేరొస్తాదని, నన్నూ మా పక్కింటి చిన్న ఈరన్ననూ పటాలంలో చేర్పించినాడు. ఆ యేడు వానల్లేవు. తిండి పెడతారంటే సముద్రం అవతల బస్రా యేంది, ఇంకా అవతలికైనా పోయేవాళ్లమే. ఆడ నా పని కంచరగాడిదలను తోలేది. తుపాకి నా చేతికి ఒక్కసారి వచ్చినాది, అదీ ఒక సిపాయి చాటుకు పోతా 'ఇది పట్టుకో' అంటే. చిన్న ఈరన్న బస్రా గుడారాల్లో జ్వరం తగిలి పడుకున్నాడు. నా ఒళ్లో తల పెట్టి, 'ఊర్లో ఇప్పుడు కొర్ర కోస్తాంటారు లేప్పా' అన్నాడు. ఆ మాటతోనే పోయినాడు.

నేను తిరిగొచ్చినాంక బొజ్జన్న చావిడి ముందర చిన్న ఈరన్న పేరు చెక్కించి నాపరాయి ఒకటి నాటించినాడు. మంచి పని, కాదనను. యేటా నవంబరులో, యుద్ధం ఆగిన దినాన, ఊరంతా ఆ రాయి కాడ చేరి రెండు నిమిషాలు నోరు మెదపకుండా నిలబడల్ల. ఆ రెండు నిమిషాలూ బొజ్జన్నే 'మౌనం, మౌనం, యెవర్రా ఆ దగ్గేది' అని అరుస్తా తిరుగుతాంటాడు. అదైనాంక నాకు కుర్చీ, మెళ్లో పూలదండ, ఆయన ఉపన్యాసం. మొదటి యేడు ఆయన మాటల్లో నేను బస్రా కోట గోడ యెక్కినా. మరుసటి యేడు తెల్లగుర్రం మీద యెక్కినా. గుర్రం గోడ యెట్లెక్కిందని యెవరూ అడగలే. నేను లేచి, 'అది గుర్రం కాదప్పా, కంచరగాడిద. దానికి గడ్డేసినా, పేడెత్తినా, అంతే' అని చెప్తి. బొజ్జన్న జనం పక్క తిరిగి, 'చూసినారా, నిజం బయట పెట్టకూడదని పటాలంలో ఒట్టు పెట్టించుకుంటారు' అనె. నేను యెంత కాదంటే అంత గొప్పోణ్ణి అయిపోతి. ఈ నవంబరులో ఆయన ఖద్దరు టోపీ పెట్టుకొని వచ్చి, నేను బస్రాలో తెల్లదొరల మీదనే తిరగబడితినని చెప్పినాడు. టోపీ మారేసరికి నా యుద్ధం కూడా మారిపోయినాది.

2. సర్కారు వారు నాకిచ్చిన పతకమును, ఓవరుకోటును మా అన్న కొడుకు మద్దిలేటికి చెందజేయవలెను. మద్దిలేటి మొన్నటి యుద్ధంలో చేరతానంటే ఊరంతా సాగనంపె. గుంతకల్లు టేషను దాకా పోయి, ఆడ ఇడ్లీ తిని, తిరుగు రైలుకు వచ్చేసినాడు. యెత్తు చాల్లేదన్నారంట. మా గడప దాటినప్పుడల్లా తల కొట్టుకునే మనిషికి యెత్తు చాలకపోయేది యెట్లనో నాకు తెలీలే, నేను అడగనూ లేదు. బతకాలనుకోవడంలో తప్పేముంది. అయితే ఆ పతకం చొక్కాకు తగిలించుకొని పెండ్లిండ్లలో ముందు బంతిలో కూచుంటే, పక్కనోళ్లు దాని అంచు మీద రాసింది చదువుకోవచ్చు. నా పేరు పక్కన డ్రైవరు అని ఉండాది. డ్రైవరంటే మోటారు కాదు. ఓవరుకోటును చిమటలు సగం తిన్నాయి, మిగతా సగం నీది మద్దిలేటీ.

3. నా భార్య సుంకులమ్మకు ఇల్లు, ఎనుము, ఇంటిలో గల యావత్తు సామాను సర్వహక్కులతో చెందవలెను. ఆమె బతికినంత కాలము చేని పంట కూడా ఆమెదే. బస్రా నుంచి తెచ్చిన ఇనుప మగ్గును ప్రత్యేకించి ఆమెకే ఇస్తాండా. 'దీంట్లో గాడిద కంపు' అని పెండ్లయిన కాన్నుంచి తిడతానే ఉండాది, ఇంకొకర్ని దాంట్లో తాగనీయదు. నేను పోయినాంక ఆమె పొగాకు యెవరు తెచ్చిస్తారో అని నాకు దిగులు. ఆ పని మద్దిలేటిది అని ఇందుమూలముగా నిర్ణయించడమైనది.

4. ఇది విన్నాంక నన్ను యేమైనా అనుకోండి. పదిహేను యేండ్ల కిందట శివరాత్రికి ఊర్లో బండ్లన్నీ మహానందికి కట్టినారు. బస్రాలో కంచరగాడిద తన్నిన కాలు (బొజ్జన్న ఉపన్యాసంలో తూటా తగిలిన కాలు) నొప్పి పెట్టి నేను పోలే. మా పడమటి వీధిలో నాగక్కకు ముందు దినమే కానుపాయె. కానుపు చేసింది పేట జీవమ్మ. మన ఊర్లో సగం మందిని ఈ లోకంలోకి లాగినవి ఆమె చేతులే. నొప్పులప్పుడు ఆమెను లోపలికి పిలుస్తారు, బొడ్డు కోసినాంక వాకిట్లో నిలబెడతారు. బాలింత యెట్లుండాదో చూసేదానికి ఆ దినం ఆమె మళ్లీ వచ్చింది. నాగక్క మంచిది, లోపలికి రమ్మనింది. నా సుంకులమ్మ కూడా ఆడనే ఉండె.

మిట్టమధ్యాహ్నం యాడ అంటుకుందో అగ్గి, గాలికి కొట్టం మీది నుంచి కొట్టం మీదికి దూకతా వచ్చె. ఊర్లో మిగిలినోళ్లంతా నేరుగా నా కాడికి ఉరికొచ్చిరి. 'మిలిట్రీ సుంకప్పా, నువ్వు ముందు నడువు, యేం చేయల్లో చెప్పు.' నాకేం తెలుసు? కుంటుకుంటా పోయి, కట్లు తెంచుకొని పరుగెత్తే యెద్దులను చూసి, గాడిదలతో అనే మాట ఒకటే నోటికొస్తే 'రుక్' అని అరిచినా. యెద్దులు నిలవలే. నీళ్ల కడవలెత్తుకొని వచ్చేటోళ్లు యాడోళ్లు ఆడ నిలిచిపోయిరి. 'మిమ్మల్ని కాదప్పా' అని నేను చెప్పుకుంటాంటే, మిలిట్రీ ఆయన ఇంకేదో ఉపాయం పన్నుతాండాడని వాళ్లు చూస్తా నిలబడిరి.

అప్పటికి వాకిట్లోకి వచ్చిండిన జీవమ్మ యెవర్నీ అడగలే. ఊరబాయి కాడికి పోయి, తాను ముట్టకూడని చేద తానే వేసి, తానే తోడి, రెండు గోతాలు తడిపి నెత్తిన కప్పుకొని, అంటుకున్న నాగక్క కొట్టంలో దూరె. బిడ్డను ఒళ్లో కట్టుకొని, నాగక్కను నడిపించుకొని బయటికొచ్చె. బిడ్డను నేను అందుకున్నా. 'లోపల ఇంకొకామె ఉండాదప్పా' అని మళ్లీ దూరె. ఆ ఇంకొకామె నా పెండ్లాము. పొగకు సొమ్మసిల్లి పడింటే రెక్క పట్టి ఈడ్చుకొచ్చి గడప అవతలికి నూకింది. జీవమ్మ గడప దాటే లోపల దూలం మీద పడె. దాని కింద నుంచి తీసేసరికి ఒళ్లంతా కాలిపోయినాది.

మరుసటి దినం నేనూ సుంకులమ్మా పేటకు పోయినాము. జీవమ్మను అరటాకు మీద పండుకోబెట్టింటిరి. నన్ను చూసి, 'బిడ్డ పాలు పట్టెనా అప్పా' అని అడిగింది. పట్టినాదమ్మా అన్నా. 'మీ ఆమె రెక్క గట్టిగా లాగినా, తిట్టుకుంటాందేమో' అనె. సుంకులమ్మ కండ్లు తుడుచుకుంటా, 'ఇంకొంచెం బిరీన లాగింటే నువ్వూ బయటపడుంటివి కదే' అనె. పొద్దుగూకక ముందే జీవమ్మ పోయినాది.

మహానంది నుంచి దిగినాంక బొజ్జన్న రెండు పనులు చేయించినాడు. ఒకటి, జీవమ్మ చేద వేసిందని ఊరబాయికి శుద్ధి. ఆ నీళ్లతో బతికినోళ్లకు మైల లేదు, బాయికి మాత్రం మైల. రెండోది, తాలూకా నుంచి ఒక అధికారిని పిలిపించి, అగ్గి ఆర్పించినందుకు నాకు సన్మానం. నేను లేచి, 'అయ్యా, నేను చేసింది యేమీ లేదు, అడ్డం నిలబడింది తప్ప. లోపలికి పోయింది జీవమ్మ' అని చెప్తి. ఆ అధికారికి తెలుగు అంతంత మాత్రం. యేమంటాడని అడిగితే బొజ్జన్న, 'ఈయప్ప యెప్పుడూ ఇంతే, వచ్చిన పేరు వేరేవాళ్లకు ఇచ్చేస్తాడు' అనె. నేను దండ మెళ్లోంచి తీసి చేతిలో పట్టుకొని పేట పక్క నడిచినా. ఊరేగింపు అనుకొని ఊరంతా నా వెనక వచ్చె. బొజ్జన్న తప్పెట కూడా కొట్టించె. పేట మొదట్లో తప్పెట నిలిచె, జనం నిలిచె. జీవమ్మ సమాధి మీద ఆ దండ వేసేటప్పుడు ఆడ ఉండింది నేనూ, సుంకులమ్మా, చంకలో బిడ్డతో నాగక్క.

5. నా స్వార్జితమైన బాయికాడి చేను, సుంకులమ్మ తదనంతరము, తూర్పు సగము మద్దిలేటికి, బావితో కూడిన పడమటి సగము జీవమ్మ కూతురు కృపమణికి, కొడుకులు మనవళ్ల పర్యంతము అనుభవించేటట్లు చెందవలెను. కృపమణి నన్ను యేమీ అడిగిన మనిషి కాదు. అమ్మ పనే ఆమె కూడా చేస్తాండాది, అదే వాకిట్లో నిలబడతాండాది. సదరు బావి నీళ్లను పేటవాళ్లు యెవరైనా యే పొద్దైనా తోడుకోవచ్చును. ఆ బాయికి యెవరూ శుద్ధి చేయించకూడదు. చేయించల్లని అనిపించినోళ్లు ముందు ఒక దినం నీళ్లు తాగకుండా ఉండి చూడండి.

మద్దిలేటీ, ఈడ నీకు కోపమొస్తాదని నాకు తెలుసు. నువ్వు పుట్టేటప్పుడు కాళ్లు ముందొచ్చినావు. నిన్ను తిప్పి బయటికి తీసింది యెవరో మీ అమ్మను అడిగి, ఆ తర్వాత వకీలు కాడికి పో.

6. చావిడి ముందర, చిన్న ఈరన్న రాయి పక్కన, అంతే యెత్తులో జీవమ్మ రాయి నాటవలెను. రాయి చెక్కించే ఉంచినా, మా పెరట్లో ఉండాది. సుంకులమ్మ దాని మీద వడియాలు పెడతాండాది. అక్షరాల మీద పెట్టొద్దంటే, అక్షరాల్లో పెడితే గుండ్రంగా కుదురుతాయంటాది. రాయి మీద ఉండేది ఇంతే: 'జీవమ్మ. మంటల్లోకి పోయి ముగ్గురిని బయటికి తెచ్చి తాను పోయినాది.' వీర అనే మాట వద్దు. ఆ మాట బొజ్జన్న నా మీద వాడి వాడి అరగదీసినాడు.

బొజ్జన్న బండ్లు ఆయన చేనికి పోయే దావ నా చేను నడిమిన ఉండాది. ఇన్నాళ్లూ ఊరికే పోనిచ్చినా. ఇకమీదట యేటా నవంబరులో, బొజ్జన్న గానీ ఆయన వారసులు గానీ ఆ రెండు రాళ్ల ముందర నిలబడి, పై నాల్గవ కలమును, అంటే జీవమ్మ సంగతిని, ఉన్నది ఉన్నట్లు చదివినంత కాలమే సదరు దావ తెరిచి ఉండవలెను. అందులో యాడన్నా గుర్రం వచ్చిందంటే ఆ యేడు దావ మూత. ఇది కోర్టులో నిలబడేది అనుమానమే అని జ్ఞానరాజు అంటాండాడు. నిలబడకపోతే పోనీలే అయ్యవారూ, కొట్టేసే ముందర అయినా ఒకసారి పైకి చదవల్ల కదా, ఆ జడ్జీ దొర యెవరో కడదాకా వింటాడు.

7. నన్ను పూడ్చేటప్పుడు ఉపన్యాసం పెట్టకూడదు. నా పేరుతో రాయి నాటకూడదు. వచ్చినోళ్లకు కొర్రన్నం, పప్పు పెట్టండి. వాళ్లు మాట్లాడుకుంటా తింటే నాకు సంతోషమే.

ఇదివరలో నేను వేరే వీలునామా యేదీ వ్రాయలేదు. ఇకముందు వ్రాసే ఓపికా లేదు. కావున ఇదే నా మొదటిది, ఇదే నా కడపటిది. పైన వ్రాసినదంతా నా నోటి మాటే అని నా ఎదుట చదివించుకొని, సరి అని ఒప్పుకొని నిశాని వేసినాను.

వ్యయ నామ సంవత్సరము మార్గశిర మాసము, సోమవారము, 1946 డిసెంబరు 9వ తేదీ. రాళ్లకొట్టాల.

సుంకప్ప, బొటనవేలి నిశాని.

వ్రాసినవారు: జ్ఞానరాజు, మిషను బడి ఉపాధ్యాయుడు.

సాక్షులు:

ఒకటి. బొజ్జన్న, గ్రామ మునసబు, సంతకము. చదివి వినిపిస్తామని చెప్పగా, 'సుంకప్ప సంగతి నాకు తెలియనిది యేముందప్పా, ఊరికంతా చెప్పేదే నేను కదా' అని, నిలబడే సంతకము చేసి వెళ్లినారు.

రెండు. నాగక్క, పడమటి వీధి, బొటనవేలి నిశాని. మొదటి నుండి కడవరకు కూర్చొని విన్నది. నాల్గవ కలమును ఇంకొకసారి చదవమని అడిగినందున మరల చదవడమైనది.