బజ్జీల అంగట్లో దొరికిన పటం

సుంకులమ్మ కొట్టాల,
ఏప్రిల్ 2003

మండలాఫీసు రాఘవేంద్రప్రసాద్ సారుకు, నాపరాళ్ల గనిలో కూలిపని చేసే దావూద్ సలాము.

గని యజమాని గుట్ట మీదుండే మా ఊరి బండిబాట మీద పనికిరాని రాళ్లు పోయించాడు. నీళ్ల ట్యాంకరు గుట్ట కిందే ఆగిపోతోంది. ఆడోళ్లు బిందెలతో గుట్టెక్కుతున్నారు. అడిగితే, "ఈడ బాట యాడుండాదప్పా?" అన్నాడు. బజ్జీల అంగట్లో పొట్లాలకు చింపబోతుంటే ఈ ఇంగ్లీషోళ్ల కాలం సర్వే పటం దొరికింది. బాట ఉండాది, చూడండి. రాళ్లు తీయించండి.

కోపంతో,
దావూద్

తా.క.: ఆ మరక బజ్జీల నూనె. చెరువు అనుకునేరు.

*

శ్రీ దావూద్ గారికి,

పటం పరిశీలించాము. చాలా విలువైన ఆధారం. అందులో మీ ఊరి పక్కనే బావి గుర్తు ఉంది. సొంత బావి ఉండగా ట్యాంకరు పంపడం తగదు. రేపటి నుంచి నిలిపివేస్తున్నాము.

భవదీయుడు,
రాఘవేంద్రప్రసాద్

తా.క.: ట్యాంకరే రాదు గనుక బాట సమస్య కూడా తీరింది.

*

సారుకు,

ఈసారి సలాము లేదు. ఆ బావి మా దాదీ చిన్నప్పుడే ఎండింది. ఇప్పుడు దాని మీద గని రాళ్లు గుట్టగా ఉన్నాయి. ఊరంతా నన్నే తిడుతోంది. "నువ్వూ నీ పటమూ! వచ్చే నీళ్లు గూడా పోగొడ్తివి గదరా!" అని ఓబులమ్మవ్వ ఉత్త బిందె నా గడపలో పెట్టిపోయింది. మరునాడు నీళ్లకని వంక ఇసకలో చెలమ తవ్వబోయి ఎండకు పడిపోయింది. నిన్న పూడ్చిపెట్టాం.

దావూద్

తా.క.: శవానికి నీళ్లు పోయడానికి పక్కూరికి పోయి బిందెడు అడుక్కున్నాం.

*

శ్రీ దావూద్ గారికి,

మా సానుభూతి. బావి లేదంటే పటం తప్పు. పటం తప్పయితే బాట కూడా లేనట్టే. ఏదో ఒకటి తేల్చి రాయండి.

భవదీయుడు,
రాఘవేంద్రప్రసాద్

తా.క.: మీ ఊరి నీటి అవసరంలో ఒకరిని తగ్గించాము.

*

సారుకు,

తేల్చినా. పటం నిజమే. అందులో మీ ఆఫీసు ఉన్నచోట శానా పెద్ద చెరువు ఉండాది. మీ లెక్కన మీ కుర్చీ కింద నీళ్లుండాల. సోమవారం ఊరంతా వస్తాండాం. గడ్డపారలు మావే.

దావూద్

తా.క.: ఓబులమ్మవ్వ బిందె నేను తెస్తా.

*

శ్రీ దావూద్ గారికి,

మీ హెచ్చరికకు కృతజ్ఞతలు. ఎప్పుడైనా వాన పడితే ఆఫీసు మునుగుతుందని పై అధికారులకు రాశాము. వెంటనే తరలించమన్నారు. పటం ప్రకారం ఎత్తైన చోటు మీ ఊరే. సోమవారం లోపు ఇళ్లు ఖాళీ చేయగలరు. సిబ్బంది కోసం రోజూ ట్యాంకరు గుట్ట మీదికే వస్తుంది.

భవదీయుడు,
రాఘవేంద్రప్రసాద్

తా.క.: మీరు కోరినట్టే బాట మీద రాళ్లు తీయించాము. మీ సామాన్లు గుట్ట దించుకోవడానికి వీలుగా ఉంటుంది.