వియ్యాలవారి కొలతకు కాంగ్ అరుగు

సోంగ్‌షు గ్రామం, చాంగ్‌బాయ్ కొండల దిగువ
1982, తొలి మంచు

దూరాన ఉన్నా దగ్గరివారైన బావగారు రువాన్ బోలిన్ గారికి, చూ దెషాన్ సంతోషం పట్టలేక రాస్తున్న ఉత్తరం.

మీ అబ్బాయి తావ్‌కి, మా షుయెమెయ్‌కి పెళ్ళి చేయడానికి మీరు ఒప్పుకున్నారన్న కబురు అందింది. అందినప్పుడు పందికి మేత వేస్తున్నాను. ఆ సంబరంలో రేపటి మేత కూడా వేసేశాను. నారింజ తోటల్లో పుట్టిన దక్షిణాది పిల్లవాడు మా కలప రైలు మీద ఉద్యోగానికి రావడమేమిటి, మా ఇంటి అల్లుడవడమేమిటి!

పెళ్ళి నడిచలిలో. మీ ఐదుగురూ మా ఇంట్లోనే దిగాలి. మా చెల్లెమ్మకి, అదే మీ ఆవిడకి, మోకాళ్ళ నొప్పులని, చలంటే హడలని తావ్ చెప్పాడు. భయం వద్దు. మీ అందరికీ సరిపడేలా ఒకటి నా చేతులతో తయారు చేస్తున్నాను. ఇక ఒంటికి చలి సోకదు. అదేమిటో చెప్పను, వచ్చాక చూద్దురుగాని. ఒక్కొక్కరి ఎత్తు, భుజాల వెడల్పు, మోకాలి ఎత్తు కొలిచి పంపండి.

ఆనందంతో మీ బావ,
చూ దెషాన్

తా.క. కొలతల మాట వినగానే మా ఆవిడ గుయిఫెన్, "పెళ్ళికి పిలుస్తున్నావా, శవపేటికలు చేయిస్తున్నావా?" అంది. ఆమె మాటలు పట్టించుకోకండి. నేనూ పట్టించుకోను. అందుకే కాపురం ఇన్నేళ్ళు నిలిచింది.

*

ఫుజియాన్, నారింజ తోట నుంచి

గౌరవనీయులైన బావగారికి, రువాన్ బోలిన్ నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి మా ఆవిడ మెయ్‌చిన్ కళ్ళు తుడుచుకుంది. అదేమిటో మీరు చెప్పకపోయినా మాకు తెలిసిపోయింది. తెలియనట్టే ఉంటాం. కొలతలన్నీ ఇందులో పెట్టాను. వదులు చూసుకుని మా ఆవిడే టేపు పట్టింది. ముదురు నీలమైతే మాసినా కనబడదని ఆమె ఆలోచన. మిగతాది మీ ఇష్టం.

ఇట్లు,
రువాన్ బోలిన్

తా.క. మీరు అడగలేదు గానీ, మెడ చుట్టుకొలత కూడా రాశాను. అక్కడ బిగుతైతే నాకు ఊపిరాడదు.

*

సోంగ్‌షు గ్రామం

కొండంత మనిషైన బావగారికి, చూ దెషాన్ అనేక దండాలు.

మీ కొలతలు చదివి అక్కడే చతికిలబడ్డాను. మీరంతా ఇంత భారీ మనుషులా! తావ్‌ని చూసి అనుకోలేదు. మీ ఇంట్లో వాడే పొట్టివాడన్నమాట. మా చెల్లెమ్మ మా తలుపులో పట్టదేమోనని గోడ కొట్టి దర్వాజా వెడల్పు చేయించాను.

ఇక రహస్యం దాచలేను. మీకోసం కొత్త కాంగ్ కట్టాను! మీ వైపు కాంగ్ ఉండదని తావ్ చెప్పాడు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా మట్టి ఇటుకల అరుగన్నమాట. ఈ చివర వంటపొయ్యి ఉంటుంది. దాని మంటా పొగా అరుగు కడుపులోని దారుల వెంట మెలికలు తిరిగి ఆ చివర పొగగొట్టంలోకి పోతాయి. సాయంత్రం వండితే రాత్రంతా వెచ్చన. తినడం, కూర్చోవడం, అందరం వరుసగా పడుకోవడం అన్నీ దానిమీదే. దాని పొడవు మనుషుల భుజాలను బట్టి, వెడల్పు అందరిలో పొడుగువాణ్ణి బట్టి, ఎత్తు మోకాలిని బట్టి.

మీ కొలతకి కట్టేసరికి అది అరుగు కాలేదు, రైలు ప్లాట్‌ఫారం అయింది. వెలిగించి చూస్తే పొయ్యి వైపు చెయ్యి కాలింది, ఆ చివర మంచు కరగలేదు. మా పిల్లిని మధ్యలో వదిలితే పొయ్యి వైపుకే పాకింది. పొయ్యి దగ్గర రాళ్ళు మందంగా, ఆ చివర పలచగా మార్చి పేర్చాను. అయినా పిల్లి ఒప్పుకోలేదు. చివరికి పొయ్యి నోరు రెండింతలు చేశాను. ఇప్పుడు పిల్లిని ఎక్కడ వదిలితే అక్కడే పడుకుంటోంది. కాకపోతే, కరువులో అన్నం దొరికినట్టు పొయ్యి కట్టెలు మింగుతోంది.

మీ రాక కోసం వాకిట్లోనే నిలబడ్డ,
దెషాన్

తా.క. అరుగుకి నీలం రంగు వేసే అలవాటు మాకు లేదు. చాప అంచుకి నీలం గుడ్డ కుట్టించాను. మీ మెడ కొలత దేనికో ఎంత ఆలోచించినా తెలియక దిండుకి వాడేశాను.

*

ఫుజియాన్ నుంచి

బావగారికి, బోలిన్ రాయునది.

మీరు కట్టింది పడకా! మేం కోట్లు అనుకున్నాం. దూది కోట్లు! లోపల రెండు చొక్కాలు తొడుక్కోవాలని మా ఆవిడ ప్రతి కొలతకీ ఒక జాన కలిపింది. ఆ కొలతల్లో ఉన్నది మేం కాదు, వదులు. మెయ్‌చిన్ నా భుజం దాకా వస్తే గొప్ప.

అది పోనివ్వండి. మనుషుల్ని వరుసగా పడుకోబెట్టి కింద పొగ పెడతారా? మేం బాతుల్ని అలా చేస్తాం. తర్వాత తింటాం. పైగా వియ్యంకులూ వియ్యపురాళ్ళూ అందరూ ఒకే అరుగు మీదా! మెయ్‌చిన్ రానంది. ఆమె రాకపోతే నేనూ రాలేను. పెళ్ళి మీరే కానిచ్చేయండి.

బోలిన్

తా.క. దర్వాజా వెడల్పు చేయించారన్న ముక్క నేను పైకి చదవకుండా ఉండాల్సింది.

*

సోంగ్‌షు గ్రామం

బావగారూ, చేతులు జోడించి రాస్తున్నాను.

ఆ మాట మాత్రం అనకండి. పెళ్ళిరోజు కోడలు అత్తగారికి రెండు చేతులా టీ గిన్నె అందించాలి కదా. తొణకకుండా నడవడం షుయెమెయ్ ఇప్పటి నుంచే నేర్చుకుంటోంది. ఇల్లంతా టీ మరకలే. ఎవరికి అందించమంటారు దాన్ని?

తప్పు నాదే. చెప్పకుండా కొలతలు అడిగాను. కానీ బాతుల పొగతో పోల్చకండి. పాత అరుగు పగలగొట్టేటప్పుడు నాకు చెయ్యాడలేదు. దానిమీదే నేను పుట్టాను, షుయెమెయ్ పుట్టింది. మా నాన్న అడవి నుంచి వచ్చి, కొయ్యబారిన చేతులు చాప కింద దూర్చి, "ఒరేయ్ దెషాన్, వేళ్ళన్నీ ఉన్నాయేమో చూడరా" అనేవాడు. ఇల్లు చేరని వాళ్ళ అన్నం గిన్నెని అమ్మ దుప్పటిలో చుట్టి పొయ్యి చివర పెట్టేది. ఎన్నేళ్ళు పెట్టిందో, చాప మీద అక్కడ గుండ్రటి మచ్చ పడింది. ఆ ముక్క కత్తిరించి దాచుకున్నాను.

నేనూ గుయిఫెనూ పోట్లాడుకుంటే చెరో పక్కకీ జరిగేవాళ్ళం. తెల్లారేసరికి ఇద్దరం ఒక్కచోటే ఉండేవాళ్ళం. కోపం పోయి కాదు, మేం పడుకునే వైపు అంత చలి మరి!

పొయ్యి చివర చోటు పెద్దలది, అతిథులది. గుయిఫెన్ కాపురానికి వచ్చిన నాటి నుంచి చలి చివరే పడుకుంది. ఆ వెచ్చటి చోట ముందు మా అమ్మ, తర్వాత దగ్గొచ్చిన పిల్ల, ఆ తర్వాత చుట్టాలు. ఇప్పుడా చోటు మా చెల్లెమ్మది. మధ్యలో తెర కడతాను. ఒక్కసారి రండి.

మీ దెషాన్

తా.క. చెల్లెమ్మ కోపం తీరాలని దర్వాజాకి మళ్ళీ ఇటుకలు పేర్చాను. మరీ ఇరుకైంది. నేను పక్కకి తిరిగి వెళ్తున్నాను.

*

ఫుజియాన్ నుంచి

బావగారికి,

టీ గిన్నె సంగతి మెయ్‌చిన్ నాచేత రెండుసార్లు చదివించుకుంది. తర్వాత పెట్టె సర్దింది. వస్తున్నాం. కానీ నిప్పుల మీద మాత్రం పడుకోదట. మా నాన్న కర్పూరం చెక్కతో చేయించిన మంచాన్ని విప్పి రైల్లో తెస్తున్నాం.

బోలిన్

తా.క. కాళ్ళు కడుక్కోకుండా నన్నే ఆ మంచం ఎక్కనివ్వదు. మీ పిల్లికి ముందే చెప్పి ఉంచండి.

*

ఫుజియాన్, వసంతం

బావగారికి, ఒంటరి బోలిన్ నమస్కారాలు.

పెళ్ళి కన్నులపండుగగా జరిగింది. కోడలు చుక్క కూడా తొణకలేదు. తోట పనుందని మర్నాడే మిగతావాళ్ళతో నేను వచ్చేశాను. నాలుగు రోజులుండి వస్తానన్న మెయ్‌చిన్ ఇంకా రాలేదు. మొదట మంచు అంది. తర్వాత కోడలికి వంట నేర్పాలంది. ఇప్పుడు ఉత్తరమే లేదు. నేను కాచిన గంజిని మా కుక్క వాసన చూసి వదిలేసింది. నిజం చెప్పండి, మోకాళ్ళు ఎక్కువయ్యాయా? ఆమెనూ మంచాన్నీ జాగ్రత్తగా పంపండి.

బోలిన్

తా.క. నేల మీద పడుకుంటున్నాను.

*

సోంగ్‌షు గ్రామం

బంగారంలాంటి బావగారికి, చూ దెషాన్ పట్టరాని సంతోషంతోనూ, కొంచెం భయంతోనూ రాస్తున్న ఉత్తరం.

చెల్లెమ్మ నిక్షేపంలా ఉంది. మోకాళ్ళూ నిక్షేపం. నిన్న పుట్టగొడుగులకని కొండెక్కి వచ్చింది.

మీరు వెళ్ళిన సాయంత్రమే మంచుతుఫాను పట్టుకుంది. మీ కోటు కొలతల పొయ్యి పెళ్ళి పూర్తయ్యేసరికే కట్టెలన్నీ మింగేసింది. అడవి దారి మూసుకుపోయింది. అరుగు చల్లారింది. పిల్లి లేచి నా కోటులో దూరింది. చెల్లెమ్మ మంచం మీద మూడు దుప్పట్ల కింద వణుకుతూ, "వదినా, నువ్వెక్కడ పడుకుంటావు?" అని అడిగింది.

"ఈ చలి చివర. నాకలవాటే" అంది గుయిఫెన్.

"కాపురానికి వచ్చినప్పటి నుంచీనా?"

"ఆఁ. ఎవరో ఒకరు పడుకోవాలిగా."

చెల్లెమ్మ మంచం దిగింది. "అన్నయ్యా, గొడ్డలేదీ?" అంది. మామగారు చేయించిన మంచమమ్మా అని బతిమాలాను. "ఆయన ఉంటే ఆయనే నరికేవాడు, జరుగు" అని మొదటి కోడు తనే నరికింది. బావగారూ, ఏం మంట! ఏం పరిమళం! ఊరంతా తలుపులు తీసి గాలి పీల్చారు.

తర్వాత గుయిఫెన్‌ని చెయ్యి పట్టి లాక్కొచ్చి పొయ్యి చివర పడుకోబెట్టి, పక్కన తను పడుకుంది. ముప్పై ఏళ్ళకి మా ఆవిడకి ఆ చోటు దక్కింది. తెల్లారి లేచి ఏమందనుకున్నారు? "వీపు వేగిపోయింది! దీనికోసమా మీ అమ్మ నన్ను అంత దూరం తోసింది!" అంది. అన్నదే గానీ, అప్పటి నుంచి ఆ చోటు వదల్లేదు. ఇద్దరూ వదల్లేదు. కబుర్లాడుకుంటూ అక్కడే నిద్రపోతారు. చలి చివర ఇప్పుడు నాదీ, పిల్లిదీ. అక్కణ్ణుంచి వాళ్ళ నవ్వులు వింటుంటే మా అమ్మ కాలంనాటి ఇల్లు గుర్తొస్తోంది బావగారూ. నాకసలు చలే తెలియడం లేదు.

మీ దెషాన్

తా.క. వచ్చే నెల చెల్లెమ్మ నన్ను వెంటబెట్టుకుని బయల్దేరుతోంది. మీ ఇంట్లో కాంగ్ కట్టాలట. మీ వైపు చలి ఎక్కడిదమ్మా అంటే, "ఆయన పాదాల సంగతి నీకు తెలీదు" అంది. మీ ఎత్తు పంపండి, ఒట్టి ఎత్తే. మెడ అక్కర్లేదు. పొయ్యి నోరు మాత్రం చిన్నదే పెడతాను. మీ ఇంట్లో ఇంకో మంచం లేదని చెల్లెమ్మ చెప్పింది.